యువనాయకులు బాలరాజు గారు

జులై 8, మంగళవారం

హిమాయత్‌నగర్‌లో ఇంటర్వ్యూ. ఆడిట్ ఆఫీసు. ట్యాలీ టెస్ట్ బాగానే చేశాను. తర్వాత సారు తన ల్యాప్‌టాప్ నా వైపు తిప్పారు. ఫేస్‌బుక్‌లో నేను. నల్ల కళ్లద్దాలు, జోడించిన చేతులు, కింద పెద్ద అక్షరాలతో ‘యువనాయకులు బాలరాజు గారు’. ఏ పార్టీ అని అడిగారు. పార్టీ కాదు సార్, మా గల్లీ గణేశ్ ఫ్లెక్సీ అన్నాను. ఆయన నమ్మలేదు. మాకు లెక్కలు రాసేవాడు కావాలి గానీ నాయకుడు కాదు అన్నారు. నవ్వుతూనే అన్నారు.

జులై 9

మా నాంపల్లి గల్లీలో చందాకు తిరిగిన ప్రతివాడి ఫొటో గణేశ్ ఫ్లెక్సీ మీద ఉంటుంది. ప్రతివాడూ యువనాయకుడే. ఓటు హక్కు రాని యువనాయకులు కూడా ఉన్నారు. యూత్ అసోసియేషన్ నడిపేది బబ్లూ అన్న. ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో ఆయనకు ఫోన్ రిపేర్ దుకాణం. ప్రతి ఫ్లెక్సీనీ ఫొటో తీసి అసోసియేషన్ పేజీలో పెడతాడు, అందరినీ పేరుపేరునా ట్యాగ్ చేస్తాడు. టెన్త్ నుంచి నేను అందులో ఉన్నాను. నా పేరూ నాంపల్లీ కలిపి గూగుల్‌లో కొడితే వచ్చేది అదే. బీకాం ఫస్ట్ క్లాస్ ఎక్కడా కనిపించదు.

జులై 14

ఆబిడ్స్‌లో జాబ్ కన్సల్టెన్సీకి వెళ్లాను. రశ్మి మేడమ్ నా పేరు సెర్చ్ చేసింది. నిమజ్జనం రోజు డీజే లారీ మీద నా డాన్సు వీడియో వచ్చింది. కాసేపు చూసి ఫోన్ బోర్లా పెట్టేసింది. ఇవన్నీ పోవాలి, లింక్డ్‌ఇన్ తెరవాలి, ఫార్మల్ ఫొటో కావాలి అంది.

స్టూడియోకి పోయాను. కోటు వాళ్లదే. వెనకాల క్లిప్పులు పెట్టి బిగించారు, ఊపిరి ఆడలేదు. ఫొటో పంపగానే మేడమ్ కోటును గుర్తుపట్టింది. ఈ వారంలో అది వేసుకున్న మూడోవాడిని నేనట.

జులై 15

నా అకౌంట్‌లో ఉన్నవన్నీ డిలీట్ చేశాను. పేజీ నా చేతిలో లేదు. బబ్లూ అన్నను అడగాలి.

జులై 19

అడగలేదు.

జులై 22, సాయంత్రం

అడిగాను. ఎందుకింత ఆలస్యం చేశానో నాకు తెలుసు. నాన్న పోయిన రోజు దవాఖాన నుంచి బండి మాట్లాడిందీ, స్నానం చేయించడానికి నీళ్లు పట్టిందీ బబ్లూ అన్నే. అలాంటి మనిషి దగ్గరికి పోయి, నీ పక్కన ఉన్న నా ఫొటో వల్ల నాకు నష్టం అని ఎలా చెప్పాలి?

ఆయన మాత్రం తేలిగ్గా తీసుకున్నాడు.

“ఫొటోలే గద తమ్మీ. తీసేస్త. ముందుగాల నౌకరీ రావాలె.”

ఈ ఏడు ఫ్లెక్సీ మీద కూడా నా ఫొటో వద్దు అన్నా, అని చెప్పాను. ఎవరిదో ఫోన్ గ్లాసు తుడుస్తున్నవాడు ఆగాడు. మళ్లీ తుడుస్తూ సరే అన్నాడు. ఈసారి తమ్మీ అనలేదు.

జులై 23

పేజీలో నేను లేను. ట్యాగులు తీసేస్తే సరిపోయేది. అన్న ఒక్కో ఫ్లెక్సీలో నా ముఖం చెరిపేసి మళ్లీ పెట్టాడు. రాత్రంతా కూర్చుని ఉంటాడు. సంతోషపడాలి. పడ్డాను, కొంచెం.

ఆగస్టు 11, సోమవారం

వచ్చింది! బషీర్‌బాగ్‌లో, అకౌంట్స్ అసిస్టెంట్. నీ ప్రొఫైల్ క్లీన్‌గా ఉంది అంది హెచ్ఆర్ మేడమ్. వచ్చే సోమవారం జాయినింగ్.

అమ్మ హాస్టల్ వంటపని నుంచి తొందరగా వచ్చింది. స్వీట్ డబ్బా తెస్తే తను నోట్లో వేసుకోకుండా ముందు బబ్లూ అన్న ఇంటికి పంపింది.

ఆగస్టు 27, వినాయక చవితి

ఫ్లెక్సీ కట్టారు. అమ్మకు చదువు రాదు. ఏటా దాని కింద నిలబడి, ముఖాలన్నీ వరసగా చూసుకుంటూ వచ్చి, నా దగ్గర ఆగుతుంది. పక్కవాళ్లకు చూపిస్తుంది.

ఇవాళ మొదటి వరస నుంచి చివరిదాకా చూసింది. మళ్లీ మొదటి నుంచి చూసింది. నేరుగా మండపంలోకి పోయి, నౌకరొచ్చిన పిల్లగాన్నే మరిచిపోయిన్రా అని బబ్లూ అన్నను అందరి ముందూ నిలదీసింది. నేను పక్కనే ఉన్నాను.

అన్న నా వైపు ఒక్కసారి చూశాడు.

“ప్రింటింగోడు జేసిన తప్పమ్మా. నేను జూస్కోలే.”

అమ్మ ప్రింటింగువాణ్ని తిట్టింది. అన్న అవునవునంటూ తలూపాడు. నాకు అక్కడే భూమిలోకి దిగిపోవాలనిపించింది. నేనే వద్దన్నానని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? చెప్పలేదు.

ఆగస్టు 28

ఆఫీసు ఐడీ కోసం తీయించిన పాస్‌పోర్టు ఫొటోల్లో ఒకటి అమ్మ పట్టుకెళ్లి అన్నకు ఇచ్చి వచ్చిందట. అంటించమని చెప్పిందట. అన్నకు ఫోన్ చేసి వద్దనాలి. రెండుసార్లు నంబర్ తీసి పెట్టేశాను.

ఆగస్టు 30

పేజీ చూశాను. అందులో నేను లేని ఫ్లెక్సీనే ఉంది.

గల్లీలో ఉన్న ఫ్లెక్సీ మీద, వినాయకుడి చెవి పక్కన, నా ఫొటో అంటించి ఉంది. అందరి కిందా పేరుంది. నా కింద లేదు. అమ్మ ఎవరినో ఆపి చూపిస్తోంది.