ఎనిమిది గంటల ఆవిరి, తొమ్మిది గంటల సాసేజి

కువోపియో,
మార్చి 4

మా గృహ సంఘం మేనేజరు లెహ్తోవిర్త గారికి, మూడో అంతస్తు తొమ్మిదో నంబరు ఇంటి కెర్తు రూస్కనెన్ రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: శుక్రవారం మన ఆవిరి స్నానాల గది సౌనాలో మా వంతు రాత్రి ఎనిమిది నుంచి సాయంత్రం అయిదుకు మార్పించుట గురించి.

1. పోయిన ఆగస్టులో మా ఆయన తైస్తోకి అన్నవాహికలో కేన్సరు గడ్డ ఉన్నదని దాన్ని తీసివేసి, కడుపునే గొట్టంలా కుట్టి, పైకి లాగి గొంతుకు తగిలించియున్నారు. తిన్నది వెనక్కి రాకుండా ఆపే కవాటం కూడా దాంతోనే పోయినది. "ఇక మీవారిని మూతలేని సీసా అనుకోండమ్మా, ఒరిగితే ఒలుకుతాడు" అని నర్సు చెప్పింది. ఆనాటి నుంచి నాకు కంటిమీద కునుకు లేదని మనవి.

2. మంచం తలవైపు ఎత్తుగా ఉండవలెనని డాక్టరు ఆదేశము. తలవైపు మంచం కోళ్ల కింద రెండు కట్టె మొద్దులు పెట్టితిని. తెల్లారేసరికి ఆయన జారి జారి కాళ్లవైపు మూటలా పడి ఉంటున్నాడు. "ఇది మంచమా, జారుడుబల్లా?" అని రోజూ దెప్పుతున్నాడు.

3. తిన్నాక మూడు గంటలు పడుకోరాదు. సౌనా తర్వాత సాసేజి తినకపోతే ఆయనకి అది సౌనాయే కాదు. తొమ్మిదికి బయటికొచ్చి తింటాడు. పన్నెండు దాకా కూర్చో అంటే, ఆవిరి పట్టిన మనిషి కూర్చుంటాడా అయ్యా? రాత్రంతా దగ్గు. జనవరిలో కడుపులోంచి పైకొచ్చిన పులుపు ఊపిరితిత్తుల్లోకి పోయి, న్యుమోనియా చేసి, తొమ్మిది రోజులు ఆసుపత్రి. ఇంకోసారైతే చెప్పలేమన్నారు. సాసేజి మానమంటే "గొట్టం తీసేశారు, కడుపు లాగేశారు, ఇక సాసేజి కూడానా?" అన్నాడు.

4. అయిదు గంటల వంతు నాలుగో నంబరు ఇంటి ఉంతో హక్కరైనెన్ గారిది. అడగబోతే తలుపు సందులోంచే "ఇరవై ఆరేళ్ల వంతు, కెర్తమ్మా. మా ఆవిడ పోయింది, కుక్క పోయింది, ఇదొక్కటే మిగిలింది" అన్నాడు.

5. ఇది రాయకూడదు గాని తమరికి ఎలాగూ తెలుస్తుంది. పోయిన శుక్రవారం, గోడమీది వంతుల కాగితంలో హక్కరైనెన్ గారి పేరు రబ్బరుతో చెరిపి, మా పేరు పెన్సిలుతో రాసింది నేనే. అయిదింటికి ఇద్దరూ వచ్చి, చెరో మూల బల్లెక్కి కూర్చున్నారట. నేను బయట మెట్లమీద కాచుకుని ఉన్నాను. మా ఆయన వంగరాదు, వంగితే కడుపులోది పైకొస్తుంది. ఆవిరి కోసం కాలిన రాళ్లమీద నీళ్లు పోసే గరిట వంక చూస్తూ కూర్చున్నాడట. హక్కరైనెన్ గారు ఆ పొడుగాటి కుట్టు మచ్చని చూసి, దిగి, గరిట అందుకుని "పొయ్యనా?" అన్నాడట. "పొయ్యి" అన్నాడట మా ఆయన. గంట మొత్తానికీ అంతే మాట.

కనుక ముసలిదాని చేతి తప్పు మన్నించి, ఎవరి వంతూ పోకుండా మాకొక దారి చూపగలందులకు చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
కెర్తు రూస్కనెన్

తా.క. కవరు అంటించబోతుంటే హక్కరైనెన్ గారే తలుపు కొట్టాడు. "అర్జీ గిర్జీ ఎందుకమ్మా, అయిదింటికి ఇద్దరం వెళ్తాం. గరిట నాది, సాసేజి మీది" అన్నాడు. అయినా పంపిస్తున్నాను. కాగితంమీద రెండు పేర్లూ తమ చేత్తో సిరాతో ఉంటేనే నాకు ధైర్యం. మరో మాట. ఆ శుక్రవారం మా ఆయన ఆరింటికే తినేశాడు కదా, రాత్రంతా దగ్గే లేదు. ఆ నిశ్శబ్దానికి భయమేసి నాలుగుసార్లు లేచి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. నాలుగోసారి కళ్లు మూసుకునే అన్నాడు: "ఒలకలేదే. పడుకో."