మనుషులు లేని సరస్సు ఫోటో

నా తండ్రీ ఎరుయేరా,

అమ్మ రిపేకా నిన్నే తలచుకుంటూ రాస్తున్నది. నేను, నీ చెల్లి, మన గుర్రం బాగున్నాం. రోడ్డు పనిలో చలికి వేళ్లు పగులుతున్నాయని రాశావు. సొరచేప నూనె రాసుకో, వాసనకు సిగ్గుపడకు. చిలగడదుంపలు ఎలా ఉన్నాయన్నావు, ఈసారి బాగా ఊరాయి.

భూమి కోర్టు ఏమైందని అడిగావు. అంతకు ముందు ఫోటో దొర సంగతి చెప్పాలి. బండెడు గాజుపలకలతో వచ్చాడు. మాటిమాటికీ నల్లగుడ్డ కింద తల దూర్చేవాడు. నాకు ఉండబట్టలేదు.

"అందులో ఏం కనపడుద్ది దొరా?" అన్నాను.

"వచ్చి చూడమ్మా" అన్నాడు.

దూరాను. కొండ తలకిందులైంది, నీళ్లు పైకెక్కాయి. ఎంతసేపు చూసినా తనివి తీరలేదు. అప్పటికి సరస్సు రాహుయిలో ఉంది, ఎవరూ నీళ్లు ముట్టకూడదని మూసేశాం. నీళ్లలో ఒకరు పోయారు, ఎవరన్నది తర్వాత చెప్తాను. పడవలు పైకి లాగేశాం, వలలు విప్పేశాం, ఒడ్డున పొయ్యి కూడా వెలిగించలేదు. దిగొద్దంటే అతను కొండ మీంచే ఫోటో తీసుకున్నాడు. మనిషి మంచివాడే. "జనం కదిలితే బొమ్మ చెదిరిపోద్ది, లేకపోవడమే మేలు" అని సంతోషపడ్డాడు కూడా.

ఆ ఫోటోనే, మన నేల కావాలంటున్న కంపెనీ వకీలు జడ్జి ముందు పెట్టాడు. కింద 'మనిషి అడుగు పడని సరస్సు' అని అచ్చువేసి పట్నం దుకాణాల్లో అమ్ముతున్నారట. అది చూసే ఇక్కడ గొర్రెలు మేపుకోవాలని దొరలకు నోరూరిందట. అరచేతంత కాగితం ఇంత నేలను ఎలా మింగుతుందో నాకింకా అంతుబట్టదు.

"పడవ లేదు, పొగ లేదు, మనిషి లేడు. ఇది మావోరీలది ఎట్లా అవుద్ది?" అన్నాడు వకీలు.

మీ మేనత్త హరియాటా లేచింది. ఆమె నోరు నీకు తెలుసుగా.

"నీ ఇంట్లో శవముంటే నువ్వు వీధిలో సంత పెడతావా నాయనా? మేం మూశాం కాబట్టే ఖాళీగా ఉంది. నువ్వొచ్చి మూయి చూద్దాం, ఎవరాగుతారో."

జనం నవ్వారు. జడ్జి నవ్వలేదు. భూతద్దం తెప్పించి ఫోటో అంతా వెతికాడు. ఒక మూలన, అందరూ ఎండిన మోడు అనుకున్నది, మేం పాతిన రాహుయి కొయ్య. దానికి కట్టిన, పోయిన మనిషి చొక్కా కనిపించింది.

"ఇదెవరిదమ్మా?" అని నన్నడిగాడు.

చెప్పాను. ఇక నీకూ చెప్పక తప్పదు నాన్నా. అది మీ నాన్నది. వల తీయబోతే గాలి పడవను తిరగేసింది. మనిషి దొరికాడు, మీ తాత సమాధి పక్కన పడుకోబెట్టాం. ఉత్తరంలో రాస్తే పరాయివాళ్ల మధ్య ఒక్కడివే ఏడుస్తావని, మన పద్ధతిలో ముక్కుకు ముక్కు ఆనించి చెప్పాలని ఇన్నాళ్లూ ఆగాను. కోర్టులో అన్నాక ఆ మాట నీదాకా రాకుండా ఉండదు. వేరేవాళ్ల నోట వినడం నాకిష్టం లేదు.

"మూసింది మీరే అయితే తెరిచేదెవరు?" అన్నాడు జడ్జి.

"కొడుకు" అన్నాను.

ఆ కొడుకు మాట విన్నాకే తీర్పు అన్నాడు. పిల్లలు దుంపలు తిని తిని విసిగారు, చలికాలం మీద పడుతోంది, చేపలు ఒడ్డుదాకా వచ్చి పోతున్నాయి. అయినా ఇంతవరకూ ఒక్కరూ నీళ్లు ముట్టలేదు. బయల్దేరు నాన్నా. మొదటి వల నువ్వే వేయాలి.

ఇట్లు,
నీ దారి చూస్తున్న
అమ్మ