మెడలో టేపు

అన్నా,

బల్కంపేట ఎల్లమ్మకు నువ్వు కాలం చేశాక ఈసారి నువ్వు లేకుండానే బోనం ఎత్తాం. మొన్న పంజాగుట్ట బంగళాలోని ఇంగ్లీషు దొర కోటు కొలతలకు నన్ను పిలిచాడు. మన దేశం గురించి తాను రాసిన పుస్తకమంటూ తెరిచి చూపించాడు. అందులో ఒక ఫోటోలో నువ్వున్నావు.

యుద్ధంతో గుడ్డే దొరకని రోజుల్లో బోనాలకని కుట్టుకున్న కొత్త అంగీ నీ ఒంటి మీద లేదు. మెడలో మన దర్జీ దుకాణం టేపు మాత్రం ఉంది. కింద ఏం రాశారని బట్లరు కాసిం భాయిని అడిగాను.

“అడవిల తిరిగే సాధువంట. మెడల మంత్రాల తాడంట. అంగీ దొరనే విప్పమన్నడు. నేనే పట్టుకొని నిలబడ్డ,” అన్నాడు తల వంచుకుని.

అది కొలతల టేపని దొరకు చెబుదామనుకున్నాను. ఓపిక లేకపోయింది. అదే టేపు నా మెడలోంచి తీసి ఆయన ఛాతీ కొలిచాను.

ఫోటో దిగానని నువ్వు చెప్పిన రోజు నుంచి వదిన అడుగుతూనే ఉంది. నీది ఇంకో ఫోటో లేదు కదా.

బంగళా నుంచి రాగానే, “ఫోటో కనబడ్డదా? ఎట్లున్నడు?” అంది.

“మంచిగున్నడు వదినా. కొత్త అంగీ తొడుక్కున్నడు,” అన్నాను.