నేను తలూపింది ఒప్పుకుని కాదు

కుటుంబ న్యాయస్థానంలో రాజీలు కుదిర్చే అధికారి గారి సముఖమునకు,
టైలరు మాస్టరు భార్య, వీధిలో అందరూ కాజాలమ్మ అని పిలిచే ముసలిది, దగ్గర కూర్చుని రాయించుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: నా విడాకుల రాజీ కాగితంలో, భరణం మొత్తం ఒకేసారి పుచ్చుకుని తప్పుకుంటానని నేను ఒప్పుకున్నట్టు తమరు రాసినది కొట్టివేసి, నెలనెలా నా చేతికిచ్చేటట్టు తిరిగి రాయించుట గురించి.

తమకు విన్నవించుకునేది ఏమనగా:

1. నాకు అక్షరం ముక్క రాదు. మా షాపులో మా ఆయన గుడ్డ కత్తిరిస్తే, కాజాలు తీయడం, గుండీలు కుట్టడం, అంచులు మడవడం నా పని. నలభై ఏళ్లు చేశాను. ఇప్పుడాయన వీధి చివర గుండీలు, దారాలు అమ్మే షాపామె ఇంట్లో ఉంటున్నాడు. గుండీలకని వెళ్లిన మనిషి గుండీలతో తిరిగి రావాలి గదా. ఆయన రాలేదు, విడాకుల నోటీసు వచ్చింది.

2. ఆ నోటీసులో నేను క్రూరురాలినని, బట్టలిచ్చేవాళ్ల ముందు ఆయన్ని నానా మాటలూ అన్నానని ఉన్నదట. అన్నాను. ఒక పెద్దమనిషి కోటుకి రెండూ కుడి చేతులే కుట్టి పెడితే ముద్దు పెట్టుకుంటారా? పైగా నేనన్న వాటిలో సగం కూడా ఆ నోటీసులో లేవు. మిగతావి ఇక్కడ రాయించబోతే, ఇది సర్కారు కాగితం తల్లీ అని అర్జీ రాసేవాడు కలం మూసేశాడు. వాయిదా రోజున తమరు అడిగితే నోటితో చెప్పగలదాన్ని.

3. విడాకులకు నాకు అభ్యంతరం లేదని ఇందుమూలముగా తెలియజేసుకుంటున్నాను. పోయేవాడి చొక్కా పట్టుకుని వేలాడే రకాన్ని కాదు. మా ఆడపడుచు పనిగట్టుకుని వచ్చి, "ఈ వయసులో భరణం కోసం కోర్టుకెక్కుతావా వదినా, సిగ్గుగా లేదూ?" అంది. "ఈ వయసులో విడాకులడగడానికి మీ అన్నకి లేని సిగ్గు నాకెందుకమ్మా" అన్నాను. కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయింది. మంచిదే, పాలు మిగిలాయి.

4. చట్టం సంగతి నాకు ఉచితంగా వాదించే లాయరమ్మ వివరంగా చెప్పింది. భరణం నెలనెలా ఇవ్వవచ్చు, లేదా ఒకేసారి పారేసి చేతులు దులుపుకోవచ్చు. ఒకేసారి పుచ్చుకున్నాక మళ్లీ అడిగే దారి ఉండదు. నెలనెలా అయితే ఆయన బాధ్యత తెగదు, ఎగ్గొడితే కోర్టు వారు జప్తు చేస్తారు, ఒక్కోసారి జైలుకి కూడా పంపుతారట. ఎన్ని నెలలు ఎగ్గొడితే పంపుతారమ్మా అని అడిగాను. లాయరమ్మ నవ్వింది గానీ చెప్పలేదు. నేను మళ్లీ పెళ్లి చేసుకుంటే భరణం ఆగిపోతుందని కూడా చెప్పింది. ఆ ఆశ పెట్టుకోవద్దని ఆయనకు తమరి ద్వారా కబురు. ఒక మగాడికి కాజాలు తీసింది చాలు.

5. ఇక అసలు మనవి. మా షాపులో కొలతల పుస్తకం ఎప్పుడూ లేదు. ఆయన టేపు పట్టి ఛాతీ ఇంత, నడుం ఇంత, పొడవు ఇంత అని సాగదీసి చెబుతూ పోతాడు. నేను గోడకేసి చూస్తూ ఒక్కోదానికి తలూపుతాను. తలూపితే ఆ కొలత నా బుర్రలో పడ్డట్టు. కత్తిరించేటప్పుడు అడిగితే వరసగా చెబుతాను. అది ఒప్పుకోవడమూ కాదు, కాదనడమూ కాదు. మా పని అంతే.

6. మొన్న వాయిదాలో తమరు షరతులు చదవమని ఆయన లాయరుకి చెప్పారు. మా ఆయన లేచి, నేను చెబుతానండీ, ఆమెకు నా మాటైతే అర్థమవుతుంది అన్నాడు. అని, అచ్చం కొలతలు చెప్పే గొంతుతో సాగదీస్తూ, సొమ్ము ఇంత, ఒకేసారి, ఆ తర్వాత ఏ హక్కూ లేదు, అని వరసగా చెప్పాడు. నా ఖర్మ, నేను గోడకేసి చూస్తూ ఒక్కోదానికి తలూపాను. తమరు కాగితంలోంచి తలెత్తకుండా ఒప్పుకున్నది, ఒప్పుకున్నది అని రాసుకుపోయారు. బయటికొచ్చాక మెట్ల దగ్గర ఆయన నా పక్కకొచ్చి, "నీ తల ఇంకా నా మాటే వింటుందే" అన్నాడు.

అయ్యా, ఆయన వేరే ఇంట్లో కాపురం పెట్టినప్పుడు కూడా నాకింత మంట లేదు.

7. కావున ఆ తల ఇకమీదట ఎవరి మాట వింటుందో ఆయనకు తెలియాలి. ఊళ్లో సగం మంది కొలతలు నా దగ్గరే ఉన్నాయి. ఒక్కటీ చెప్పను. బట్టలిచ్చే ప్రతి మనిషినీ మళ్లీ నిలబెట్టి కొలుచుకోమనండి. పోయిన వారం పెద్ద కాంట్రాక్టరు గారు, ఆయన ఉజ్జాయింపుగా కుట్టిన కొత్త ప్యాంటుతో కుర్చీలో కూర్చున్నారట. లేచేటప్పుడు టవలు అడిగారట.

8. నా కోరిక ఒక్కటే. భరణం ప్రతి నెలా ఒకటో తారీకున, బ్యాంకులో వేయకుండా, వేరేవాళ్లతో పంపకుండా, ఆయనే తెచ్చి నా చేతిలో పెట్టాలి. నేనుండేది పై అంతస్తులో అద్దె గది. దారి పొడుగునా ఆడవాళ్లు మెట్ల మీద కూర్చుని కూరగాయలు తరుగుతుంటారు. వాళ్లందరినీ జరగమని అడుగుతూ రావాలి. ప్రతి ఒకటో తారీకు పొద్దున ఆ గుండీల షాపామె "ఎక్కడికి?" అని అడగాలి, ఆయన నా పేరు చెప్పాలి. ఒకేసారి పారేసిన సొమ్ముకి ఈ సుఖం రాదు.

వచ్చే వాయిదాకి వేలిముద్ర వేయడానికి రమ్మన్నారు. తప్పకుండా వస్తాను. పాత కాగితం పెడితే మాత్రం బొటనవేలు పిడికిట్లోంచి బయటికి రాదు. ఈసారి తల కూడా ఊపను, మెడ బిగబట్టి కూర్చుంటాను. నోటితో అడగండి, నోటితో చెబుతాను.

ఇవన్నీ తమరు తలెత్తి చిత్తగించవలెనని కోరుతూ,

తమకు మాత్రమే విధేయురాలు,
(వేలిముద్ర)

మరచిన మాట: ఆయనకు ఆయాసం ఉంది. మెట్ల మలుపు దగ్గర ఒక కుర్చీ, చెంబుతో నీళ్లు పెట్టిస్తానని కూడా కాగితంలో రాసుకోండి. జాలి అనుకునేరు. ఆయన పోతే భరణం కూడా పోతుందని లాయరమ్మ చెప్పింది. ఆ మనిషి చాలా ఏళ్లు బతకాలి.