వాకిట్లో పెట్టిన మైకు

మంగళవారం రాత్రి, విరుదునగర్

అబద్ధం రాశారు మీరు, యూనివర్సిటీ డిజిటల్ సెంటర్ పెద్దలారా! అరుప్పుకోట్టై నేతవీధిలో వాకిట్లో మైకు పెట్టి, అక్కడ తెలుగే లేదని భాషాపటంలో తేల్చేశారు. గడప దాటి బయటికొస్తే మేం తమిళానికి మారిపోతామేమో అని ఒక్కరినైనా అడిగారా?

ఈరోజు నేనే మైకును అదే వీధిలో మా రాజమ్మత్త ఇంటి లోపల మగ్గం దగ్గర పెట్టాను. నేస్తూనే అత్త నవ్వింది. "వాకిట్లో వెలూరువాండ్లు, బయటోండ్లు, కూసోనుంటే నోటికి తమిళమే వచ్చె అల్లుడా. లోపలికొస్తివి, ఇంగ నా నోరు మూసేదెవరు?" గంటసేపూ తెలుగే.

పటంలో లేని మాటను మీ సెంటర్ భద్రపరచదు. ఆమె పోయాక ఆ తెలుగును ఎక్కడ వినాలి...

రేపు ఆ రికార్డింగును మీ బల్ల మీద పెడతాను. అడిగేవి ఇవే:

ఆ పటాన్ని బయటికివ్వడం ఆపండి.
మైకు ఇంట్లోకి తీసుకెళ్లండి.
ఆ వీధిని మళ్లీ రికార్డు చేయండి.
రాజమ్మత్త మాటను ఆమె పేరుతోనే భద్రపరచండి.