గాడి చెడిన స్క్రూ

జూన్ 14, ఆదివారం
షెడ్డు నుంచి

చిరంజీవి చిట్టికి, అన్నయ్య ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం, నువ్వూ క్షేమమని తలుస్తాను అని రాయడానికి పెన్ను పట్టుకుని పావుగంటయింది. రెండేళ్ళుగా పలకరించని చెల్లెలి క్షేమం ఇలా తలచుకుని ఊరుకోవడం నాకే ఎబ్బెట్టుగా ఉంది. మీ వదిన నీతో మాట్లాడుతుంటుందని తెలుసు. తను చెప్పదు, నేను అడగను. నువ్వు కుట్టుమిషన్ల షాపులో రిపేర్లు చేస్తున్నావనీ, అక్కడ నీ చేతికి మంచి పేరొచ్చిందనీ ఫోన్లో ఎవరితోనో అంటుంటే తలుపు పక్కన నిలబడి విన్నాను.

అసలు సంగతికొస్తాను. కంపౌండరు గారి బండి మళ్ళీ మన షెడ్డుకొచ్చింది. అదే, నీ చేతిలో పాడైందని నాన్న నిన్ను అందరి ముందూ తిట్టి, ఇక స్పానర్ ముట్టుకోవద్దన్న బండి. ఈ రెండేళ్ళూ ఆయన వరండాలో గోనెపట్టా కప్పుకుని పడుకుంది. మోకాళ్ళు సహకరించక సైకిలు తొక్కలేకపోతున్నాననీ, ఇంకొక్కసారి ప్రయత్నించమనీ ఆయనే మనిషిని పెట్టి తోయించుకొచ్చారు. వస్తూనే నీ కోసం వెతికారు. నువ్వు లేవని చెబితే, అయితే ఎవరు చేస్తారయ్యా అన్నారు. నేను ఎదురుగానే ఉన్నాను, చిట్టీ! ఆయన కంటికి ఆనలేదు కాబోలు.

కార్బ్యురేటర్ విప్పి చూశాను. గాలి సర్దే ఆ చిన్న ఎయిర్ స్క్రూ కదిలితే ఒట్టు. ఇత్తడి స్క్రూ బాడీలో పట్టేసుకుంది, చుట్టూ తెల్లటి పొడి పేరుకుంది. ఆ మోడల్ కార్బ్యురేటర్ ఇప్పుడు ఎక్కడా దొరకదు. స్క్రూ లోపలే విరిగిందంటే బండిని పాత ఇనుముకి వేసుకోవాల్సిందే.

నా దూకుడు నీకు తెలుసు. మామూలుగా అయితే పెద్ద స్క్రూడ్రైవర్ పట్టుకుని నా బలమంతా చూపించేవాణ్ణి. ఈసారి స్టూలు లాక్కుని కూర్చుని, నువ్వైతే ఏం చేస్తావా అని ఆలోచించాను. మొదటి రోజు డీజిల్లో నానబెట్టి, ఇక ముట్టుకోలేదు. రెండో రోజు రబ్బర్లన్నీ తీసేసి, గిన్నెలో నీళ్ళు మరిగించి అందులో కార్బ్యురేటర్ వేశాను. మీ వదిన మూత తీసి చూసి, ఇవాళ్టికి వంట ఇదేనా, ఉప్పు వెయ్యనా అంది. ఆ గిన్నెకి ఇక వంటింట్లో చోటు లేదట. వేడి మీదుండగానే స్క్రూ మొదట్లో రెండు చుక్కలు నూనె వేసి వదిలేశాను. మూడో రోజూ అదే పని.

స్క్రూ తల మీది గాడిలో సరిగ్గా కూర్చునే స్క్రూడ్రైవర్ లేదు. ఎక్కడివక్కడ తగిలించాలని నాన్న బోర్డు మీద ఒక్కో పనిముట్టు చుట్టూ పెయింటుతో గీశారు చూడు, వాటిలో నీ బుల్లి స్క్రూడ్రైవర్ బొమ్మ ఒక్కటే ఖాళీ. ఆ మేకుకి ఇంకేం తగిలించినా నాన్న తీసి కింద పెడతారు. చివరికి ఒక పాతదాని మొనని ఆకురాయితో రాసి సరిచేసుకున్నాను.

పట్టేసిన స్క్రూని ముందు వెంట్రుకవాసి బిగించి, తర్వాత విప్పమని కదా నాన్న మనిద్దరికీ నేర్పింది. దీన్ని బిగించడానికి చోటే లేదు, అడుగుదాకా దిగిపోయి ఉంది. నాలుగో రోజు పొద్దున మళ్ళీ వేడి చేసి, తల మీద మెల్లగా సుత్తి తగిలించి, ఊపిరి బిగబట్టి తిప్పితే టిక్కుమంది. కాస్త ముందుకి, కాస్త వెనక్కి, మళ్ళీ నూనె. గంటన్నర పట్టింది. అది నా అరచేతిలోకి వచ్చాక, నిజం చెబుతున్నాను, ఏడుపొచ్చింది.

విప్పడం చేతనైంది గానీ సెట్టింగ్ నా వల్ల కాదు. ఇంజన్ చప్పుడు విని పావు చుట్టు ఎక్కువైందో తక్కువైందో చెప్పే చెవి నీదే. నాన్న అప్పటి మాట ఎప్పుడో మర్చిపోయారు, నువ్వూ మర్చిపో. పని చేసే చేతికి ఒక్కోసారి పొరపాటు జరుగుతుంది, దానికి ఇంత పంతమా? ఒక ఆదివారం వచ్చి వెళ్ళు. నీ మీద నాకేం కోపం లేదు.

ఇట్లు,
నీ మేలు కోరే
అన్నయ్య

తా.క. అంటించిన కవరు మళ్ళీ చింపాను. పై పేరా తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా దాన్ని కొట్టివెయ్యలేదు. మీ అన్న ఎంత పిరికివాడో నువ్వు చూడాలి.

ఆ స్క్రూ పాడు చేసింది నేను. ఆ రోజు నువ్వు దాన్ని మెల్లగా అడుగుదాకా తిప్పి, ఎన్ని చుట్లు దిగిందో లెక్కపెట్టి, సుద్దతో గోడ మీద ఒకటిన్నర అని రాసి భోజనానికి వెళ్ళావు. నువ్వొచ్చేలోగా బండి సిద్ధం చేసి నాన్న చేత శభాష్ అనిపించుకోవాలని నేను కూర్చున్నాను. అది అడుగు నుంచి మళ్ళీ బయటికి తిప్పాల్సిన లెక్క. నేను పెద్ద స్క్రూడ్రైవర్‌తో లోపలికి తిప్పాను. బిగిసిపోయింది. గోడ మీద సుద్ద చెరిపేసి పక్క బండి దగ్గరికి వెళ్ళిపోయాను. నువ్వు తిరిగొచ్చి విప్పలేక అవస్థ పడుతుంటే నాన్న చూశారు. నిన్ను తిడుతున్నంతసేపూ తేలుకుట్టిన దొంగలా నిలబడ్డాను. ఆయన కోపం తగ్గాక చెబుదామనుకున్నాను. నువ్వు ఆ సాయంత్రమే వెళ్ళిపోయావు. క్షమించు చిట్టీ.

ఇందాకే నాన్నకి చెప్పాను. స్క్రూ తీసుకుని భూతద్దం పెట్టి చూశారు. తిట్టలేదు. చిట్టి వచ్చేదాకా నువ్వు స్పానర్ ముట్టుకోవద్దు అన్నారు. నీతో అన్న మాటే. ఆ సంగతి ఆయనకీ గుర్తొచ్చినట్టుంది, స్క్రూని తిరిగి నా చేతిలో పెట్టేశారు. తర్వాత నా వైపు చూడకుండా, నాన్నది కూడా తప్పేనని రాయి అన్నారు. ఇప్పుడు బ్రష్ పట్టుకుని బోర్డు మీద నీ స్క్రూడ్రైవర్ బొమ్మ మళ్ళీ గీస్తున్నారు. గీత వంకర పోతోంది, తుడిచి మళ్ళీ గీస్తున్నారు.

స్క్రూ ఈ కవరులోనే పెట్టాను. గాడి చూడు, నలిగింది బిగించే వైపే, అదీ పెద్ద స్క్రూడ్రైవర్ వెడల్పున. రావాలని లేకపోతే పోస్టులో తిప్పి పంపు, నేనేం అనుకోను. వచ్చేట్టయితే నీ బుల్లి స్క్రూడ్రైవర్ వెంట తెచ్చుకో. పెయింటు ఆరడానికి రెండు రోజులు పడుతుందట.