మిస్డ్ కాల్ నివాళి

మార్చి 9, 2008

మా ఆయనకు ఇప్పుడు ఫ్యాన్స్ ఉన్నారు. కడపలో చీరల కొట్టు నడిపే రాఘవేంద్రప్రసాద్‌కు ఫ్యాన్స్! ఆర్కుట్‌లో సగంమంది మా కొట్టులో చీరలు మడతపెట్టేవాళ్లే. నెట్ సెంటర్ ముబీన్ అందరికీ ఐడీలు తెరిచిపెట్టాడు. వాళ్ల పేర్లతో తనను పొగిడే టెస్టిమోనియల్స్ మాత్రం మా ఆయనే చెబుతారు, నేను టైప్ చేస్తాను. ఈరోజు 'మా అన్న మనసు వెన్న' అని కొట్టాను. తర్వాత చేతులు కడుక్కున్నాను.

వర్తక సంఘం ఎన్నికల్లో నిలబడాలట. ముందు పేరు రావాలట, పని తర్వాత చూసుకోవచ్చట.

మార్చి 17

నాన్నకు ఆయాసం ఎక్కువైంది. బద్వేలు నుంచి తెచ్చి ఇక్కడ ఆసుపత్రిలో చేర్చాం. మా ఆయన వచ్చి మంచం పక్కన నిలబడి ఫోటో తీయించుకుని వెళ్లిపోయారు. నాన్నకు నీళ్లు కావాలా అని కూడా అడగలేదు.

మార్చి 20, మధ్యాహ్నం

ఛీ. ఛీ. ఛీ.

నాన్న బతికే ఉన్నాడు. ఇడ్లీ తింటున్నాడు. ఆర్కుట్‌లో మాత్రం 'మామగారు నాగసుబ్బయ్య గారికి కన్నీటి నివాళి' అని పడింది. మా కొట్టు ముందు అదే ఫ్లెక్సీ. ప్రొద్దుటూరులో ఎవరో చూసి చెబితే పెదనాన్న వాళ్లు జీపు మాట్లాడుకుని, దండలు తీసుకుని వచ్చారు. పెద్దమ్మ గుండెలు బాదుకుంటూ వార్డులోకి వచ్చి, నాన్నను చూసి అక్కడే కూలబడింది. పెదనాన్న ఒక్క మాటే అన్నాడు. మళ్లీ మీ ఇంటి కబురు నమ్మితే నన్ను చెప్పుతో కొట్టు అన్నాడు.

సాయంత్రం

ముబీన్‌ను నిలదీస్తే చెప్పాడు. పోయినేడు ఎవరో పెద్ద షావుకారు పోతే, పోటీ కొట్టువాళ్ల నివాళి ముందు లేచిందట. ఈసారి వెనకబడకూడదని, నాన్నను ఆసుపత్రిలో చేర్చిన రోజే మా ఆయన అన్నీ తయారు చేయించారట. ప్రాణం పోతూనే మిస్డ్ కాల్ ఇస్తా, ఎక్కించేయ్ అన్నారట. చావు కబురుక్కూడా కాల్ చార్జీ మిగుల్చుకునే మనిషి! పొద్దున మా ఆయన వార్డుకొచ్చి, ఉగాది సేల్ బోర్డు గురించి అడుగుదామని ముబీన్‌కు ఫోన్ చేస్తే సిగ్నల్ లేక ఒకసారి మోగి కట్టయింది. ముబీన్ ఎక్కించేశాడు.

శవాల మీద పేలాలు ఏరుకునేవాళ్లంటే విన్నాను. ఈయన శవం లేవకముందే జోలె పట్టారు. నేను అరిస్తే, "ఇప్పుడేం కొంప మునిగిందని ఎగురుతాండావు? శానామంది చూసినారు, మంచికే అయింది" అన్నారు.

మార్చి 21

పెదనాన్న తెచ్చి వదిలేసిపోయిన ఆ నివాళి కలర్ ప్రింట్‌ను నాన్న చూశాడు. అందులో మా ఆయన నల్లద్దాలు పెట్టుకుని దండం పెడుతున్నారు. నాన్న మూలన పోస్టు బిళ్లంత ఉన్నాడు.

"ఏమ్మా, సచ్చింది నేనా, మీ ఆయనా? ఫోటో ఆయనదే పెద్దదుండాదే" అన్నాడు. నవ్వి నవ్వి దగ్గొచ్చింది. తర్వాత నా చెయ్యి పట్టుకున్నాడు. నిజంగా పోయిన రోజు తనకు బోర్డులు కట్టనీయొద్దన్నాడు. "నాకు మనుషులు రావాల. నలుగురు మనుషులు మోస్తే సాలు" అన్నాడు. మాటిచ్చాను.

మార్చి 26

కేకు! మామకు పునర్జన్మ అట, అల్లుడి పూజలు ఫలించాయట. కూర్చోలేని మనిషికి దిండ్లు పెట్టి కూర్చోబెట్టి, చేతికి చాకిచ్చి కోయించి, ఆ ఫోటో ఆర్కుట్‌లో ఎక్కించారు. ఆ చెయ్యి పట్టుకుని కోయించింది నేనే.

ఏప్రిల్ 11, బద్వేలు

నాన్నను ఇంటికి తెచ్చుకుని ఇక్కడే ఉన్నాను. ఫ్యాన్స్ పెరిగారట. నాన్న తిండి తగ్గింది.

ఏప్రిల్ 19

నాన్న పోయాడు. తెల్లారి, నా ఒళ్లో.

మా ఆయన కడపలో ఆ పాత నివాళినే మళ్లీ ఎక్కించి, ముబీన్‌ను వెంటేసుకుని వచ్చారు. కింద జనం రాసిన స్క్రాపులన్నీ ఇకిలింపులేనట. మళ్లీ సచ్చినాడా అన్నా, ఈసారి కేకు యాడ అన్నా అని. నేను ప్రొద్దుటూరికి ఫోన్ చేసి ఏడ్చాను. పెదనాన్న నమ్మలేదు. మీ ఆయనే ఏడవమన్నాడా అని అడిగాడు. చివరికి డాక్టరు చేత మాట్లాడిస్తే బయల్దేరాడు. అప్పటికే పొద్దు వాలింది. చీకటి పడకముందే ఎత్తాలని అయ్యవారు తొందర పెట్టాడు.

పక్కింటి టైలర్ ఖాసిం సాహెబ్ పొద్దుననగా వచ్చాడు. ఆయనకు ఆర్కుట్ తెలియదు. గోడవతల నుంచి నా ఏడుపు విన్నాడు, అంతే. "సెట్టీ, నన్నొదిలిపెట్టి యాడికి పోతాండావప్పా" అని నాన్న కాళ్లు పట్టుకుని ఏడ్చాడు. ఆయన, ఆయన కొడుకు, మా నాన్న కొట్టులో కాటా పట్టే ఓబులేసు. మోయడానికి ముగ్గురే. మిగతావాళ్లు ఇదీ ఉత్తుత్తి కబురే అనుకున్నారు.

నాన్నకు కొడుకుల్లేరని నిప్పుకుండ పట్టుకుని మా ఆయన పాడె ముందు నిలబడ్డారు. కెమెరా కింద పెట్టి భుజమివ్వమని ముబీన్‌ను అడిగాను. వాడు మా ఆయన వైపు చూశాడు. మా ఆయన తల అడ్డంగా ఊపారు.

కొంగు నడుముకు చుట్టి నాలుగో కొన నేనెత్తుకున్నాను. ఆడది పాడె ముట్టకూడదని అయ్యవారు అరిచాడు. ఖాసిం సాహెబ్ నడువు బిడ్డా అన్నాడు.

ఏప్రిల్ 20

ఫోటో పెట్టారు. ఆడమనిషి మోస్తే పరువు పోతుందని నన్ను కత్తిరించారు.

నాన్న పాడె మూడు కొనల మీద పోతోంది.